నానోమీటర్ నుంచి కాంతి సంవత్సరం దాకా: సున్నాలు లెక్కపెట్టకు

తమ్ముడూ, నానోమీటర్లను కాంతి సంవత్సరాల్లోకి మారిస్తే ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తోందన్నావు. బయటి దేశాల ల్యాబుల్లో కొత్తగా అడుగుపెట్టినవాళ్లందరిదీ ఇదే గోల. లెక్క రాక కాదు, సున్నాలు వేళ్లమీద లెక్కపెట్టడం వల్ల.

నేరుగా మార్చకు, మధ్యలో మీటరు దగ్గర ఆగు. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతినే తీసుకో. నానో అంటే 10⁻⁹ కాబట్టి అది 5.5 × 10⁻⁷ మీటర్లు. కాంతి సంవత్సరం, అంటే కాంతి ఏడాదిలో వెళ్లే దూరం, 9.46 × 10¹⁵ మీటర్లు. ముందు అంకెల సంగతి: 5.5ను 9.46తో భాగిస్తే 0.581. తర్వాత 10 నెత్తిన ఉన్న ఘాతాలు: −7లోంచి 15 తీసేస్తే −22. ఇక 0.581ని 5.81గా రాస్తే ఘాతం −23 అవుతుంది. ఈ ఆఖరి మెట్టు మీదే చాలామంది −21 వేసి జారిపడతారు. అంకె పెరిగితే ఘాతం తగ్గాలి, అంతే.

కాలిక్యులేటర్‌ను మరీ నమ్మకు. ఈఎక్స్‌పీ (EXP) అనే ఘాతం మీటలోనే ‘ఇంటూ 10’ ఉంది. దానికి ముందు నువ్వు మళ్లీ ‘ఇంటూ 10’ నొక్కితే ఆ సంఖ్య పదింతలవుతుంది. ఆ మీట వాడకుండా 9.46 × 10¹⁵ అని విడిగా కొడితే మాత్రం చుట్టూ బ్రాకెట్లు ఉండాలి. లేకపోతే అది 9.46తో భాగించి 10¹⁵తో గుణిస్తుంది. జవాబు 10³⁰ రెట్లు తప్పు, యంత్రం కిక్కురుమనదు.

అసలు చిక్కు మాటల్లో ఉంది. మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. సూర్యుడి సగటు దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లు, అంటే 149.6 మిలియన్లు. జర్మనీలో మాత్రం ‘బిలియోన్’ అంటే 10¹². మన 100 కోట్లను వాళ్లు ‘మిలియార్డె’ అంటారు. పైగా దశాంశ బిందువు చోట కామా పెడతారు. కాంతితో సందేశాలు పంపే గాజు ఫైబర్‌లో వాడే తరంగదైర్ఘ్యం ఇంగ్లీషు కాగితంలో 1,550 నానోమీటర్లు, జర్మన్ కాగితంలో 1,550 మైక్రోమీటర్లు. రెండూ ఒకటే! రెండోదాంట్లో ఆ కామా మన చుక్క.

డబ్బు పోయేది ‘మిల్’ దగ్గర. ఈ ఒక్కటీ గుర్తుంటే మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు. అమెరికాలో మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25.4 మైక్రోమీటర్లు. బ్రిటన్ వర్క్‌షాపుల్లో దాన్నే ‘థౌ’ అంటారు. అక్కడ నోటిమాటగా మిల్ అంటే మిల్లీమీటరు. అమెరికా లెక్కలో 10 మిల్ రేకు 0.254 మిల్లీమీటర్ల మందం. అదే 10 మిల్లీమీటర్లనుకుంటే 39 రెట్లు మందమైన దిమ్మ వచ్చి కూర్చుంటుంది. కొలతిచ్చి కోయించిన ముక్కను సాధారణంగా వాపసు తీసుకోరు. చిల్లు నీ జేబుకే. ఆర్డరు కాగితంలో మిల్ అనే మాటే రాయకు, మైక్రోమీటర్లలో రాయి. మైక్రాన్ అన్నా అదే. ఆంగ్‌స్ట్రామ్ కనిపిస్తే పదితో భాగించు, నానోమీటర్లు వస్తాయి.

నానో, మైక్రో లాంటి ఉపసర్గలన్నీ ఎస్ఐ (అంతర్జాతీయ ప్రమాణాల) పట్టికలో ఉంటాయి, చూసుకో. చిన్న ఎమ్ మిల్లీ, పెద్ద ఎమ్ మెగా. టైపింగులో షిఫ్ట్ మీట ఒక్కటి తప్పినా 10⁹ రెట్ల తేడా.