వాయిదా కట్టని ఆమెను సంఘంలోంచి తీసేయాలా?

ప్రశ్న: అక్కా, మాది పదిమంది పొదుపు సంఘం. నేను లీడర్‌ని. నిరుడు బ్యాంకు లోను తీసి అందరం సమానంగా పంచుకున్నాం. ఒకామె మూడు నెలలుగా వాయిదా కట్టడం లేదు. ఆమెను తీసేద్దామని మిగతావాళ్లు పట్టుబడుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: తీసేస్తే ఆమె పోతుంది, బాకీ పోదు చెల్లెమ్మా. లోను సంఘం పేరున ఉంది. వాయిదాలు తప్పితే సరిగ్గా కట్టిన తొమ్మిదిమందికీ వడ్డీ రాయితీ చేజారొచ్చు.

మాదీ నీ జిల్లానే. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకింది. మరుసటేడు అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. రోజుకో రూపాయి దాచే సంఘాలు ఆ వేడిలో పుట్టినవే, మాది కూడా. సారా కొట్టు ముందు పక్కపక్కన కూర్చున్నవాళ్లం, అప్పు దగ్గర గొడవేముంటుంది అనుకున్నాను. వచ్చింది. ఒకామె నాలుగు వాయిదాలు ఎగ్గొడితే పద్నాలుగుమందిమి వెళ్లి ఆమె వాకిట్లో కూర్చున్నాం. వీధంతా చూసింది. తెల్లారేసరికి ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. తీరా చూస్తే ఆ డబ్బు ఆమె చేతిలో ఒక్కరోజు కూడా లేదు. మరిది రొయ్యల గుంటలో పెట్టాడు, వైట్‌స్పాట్ తెగులు తగిలి గుంట పోయింది. ఆమెను పిలవడానికి నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి తలుపు తియ్యలేదు.

అందుకే గుంపుగా వెళ్లకు. నువ్వు, ఆమెతో కాస్త చనువున్న ఇంకొకామె, ఇద్దరే వెళ్లండి, ఇంట్లో మగవాళ్లు లేని వేళ చూసుకుని. ఎప్పుడు కడతావని కాదు, లోను ఎవరు వాడుకున్నారని అడుగు. వేరేవాళ్లు వాడుకుంటే వాళ్లనే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం ముందుకు పిలిపించాలి. నిజంగా చేతిలో లేకపోతే మీ పొదుపులోంచి ఆమెకు అంతర్గత అప్పు ఇచ్చి ఆ మూడు వాయిదాలు కట్టేయండి. వారానికి ఎంత ఇవ్వగలదో ఆమెనే చెప్పమనండి. మినిట్స్ బుక్కులో తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టండి, ఆమెతో సహా.

ఇంకో మాట, కోప్పడకు. సమానంగా పంచుకున్నాం అన్నావే, నాకు గుచ్చుకున్నది అదే. అవసరం లేనివాళ్ల వాటా ఇంట్లో ఎవరో ఒకరి జేబులోకి పోతుంది. గేదె కొనేవాళ్లకీ కుట్టుమిషను కొనేవాళ్లకీ ఒకే మొత్తం ఎందుకు? ఈసారి లోనుకు ముందు ఎవరికి ఎందుకు కావాలో మీటింగులో ఒక్కొక్కరినీ చెప్పించి, అప్పుడు ఎవరికెంతో తేల్చు.