ముందు పెట్టెను కొలుచుకో

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతయ్య పాత వాల్వుల రేడియో పెట్టెలో, నువ్వే గీసిన సర్క్యూట్ బోర్డుతో బ్లూటూత్ అమర్చి మళ్లీ పాడిస్తానన్నావు, ఎంతో సంతోషం. ఆకాశవాణి వార్తలు వినందే ఆయన పొద్దున్నే గడప దాటేవారు కాదు.

కంప్యూటర్ ముందు అప్పుడే కూర్చోకు. ముందు పెట్టె వెనక పలక విప్పి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుచుకో. వాల్యూమ్ గుబ్బ ఇరుసు పెట్టె అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది, మరలు ఎక్కడెక్కడ పడతాయి, అన్నీ రాసుకో. ఆ టేకు చెక్కకు కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడకూడదు. సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో మొదట బోర్డు అంచులు, మర రంధ్రాలు, వాల్యూమ్ కంట్రోల్ చోటు గీసి కదలకుండా లాక్ చెయ్యి. 3 మి.మీ. మరకు 3.2 మి.మీ. రంధ్రం ఉంచు. తక్కినవన్నీ ఆ మధ్యలోనే సర్దాలి.

గీయడం పూర్తయ్యాక అసలు కొలతలో ప్రింటు తియ్యి. ప్రింటరు ఒక్కోసారి బొమ్మను కాస్త కుదించేస్తుంది, స్కేలు పెట్టి చూడు. దాన్ని అట్టకు అంటించి కత్తిరించి, విడిభాగాల కాళ్లు గుచ్చి, పెట్టెలో కూర్చోబెట్టు. బోర్డు తయారుచేసే ఫ్యాక్టరీకి ఫైళ్లు ఆ తర్వాతే పంపు.

ప్రతి భాగానికీ డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, చూడు. నా మొదటి బోర్డులో బీసీ547కు గీసిన చోట 2ఎన్3904 పెట్టాను. రెండూ అవే నల్లటి ట్రాన్సిస్టర్లు, మూడేసి కాళ్లు. చదును వైపు మనకేసి తిప్పితే ఒకదానికి ఎడమ కాలు కలెక్టర్, రెండోదానికి ఎమిటర్. అది తెలియక రెండు రాత్రులు టంకం వేస్తూ, ఊడదీస్తూ గడిపాను.

అడాప్టర్ ఇచ్చే 12 వోల్టులను 5కు దించడానికి 7805 అనే రెగ్యులేటర్ చిప్ వాడకు, అది మిగులు వోల్టేజీని వేడిగా మార్చేస్తుంది. అర ఆంపియర్ లాగితే మూడున్నర వాట్లు ఉత్త వేడిగా పోతాయి. మన మే నెల ఎండలు, పైగా మూసిన చెక్కపెట్టె! అంత వేడెక్కకుండా వోల్టేజీ దించే బక్ కన్వర్టర్ పెట్టు. ప్రతి ఐసీ (చిప్) పవర్ కాలును ఆనుకునే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. బ్లూటూత్ యాంటెనాను బోర్డు అంచుకు జరుపు, దాని కింద రాగి ఉండకూడదు.

230 వోల్టులు నీ బోర్డు మీదికి రానే రాకూడదు, బయటి అడాప్టర్ చాలు. పాత సెట్టు పలుకుతుందేమో చూద్దామని ప్లగ్ మాత్రం పెట్టకు నాయనా. వాల్వుల రేడియోలో వందల వోల్టులుంటాయి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి.

ఆదివారం కరీంనగర్ బస్సెక్కి వస్తాను. అట్ట బోర్డు సిద్ధంగా ఉంచు. తాతయ్య తిప్పిన గుబ్బ దానికి సరిగ్గా కూర్చుంటుందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య