పోస్టాఫీసు బాకీ ఏ రోజుది ఆ రోజే

చి. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. పదో తరగతి మార్కుల మీద నీకు బి.పి.ఎం., అంటే బ్రాంచి పోస్టుమాస్టర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ట్రైనింగ్‌లో మెషిన్ ఎలా వాడాలో వాళ్లే నేర్పుతారు. బాకీల సంగతి మాత్రం దెబ్బ తిని నేర్చుకోవాల్సిందే. నల్లగొండ జిల్లాలో ముప్పై రెండేళ్లు బ్రాంచి ఆఫీసు నడిపినవాణ్ణి, ఆ దెబ్బలేవో నేనే చెప్తా.

ముందు పింఛన్ రోజు. మనిషికి 2,016 రూపాయలు. పొద్దున ఎనిమిదికే అరుగు మీద నలభై మంది కూర్చుంటారు. సగం మందికి వేలిముద్ర పడదు, పడ్డవాళ్లకు చిల్లర ఉండదు. "పదహారు మళ్లీ ఇస్తాలే అవ్వా" అని పంపేస్తావు. నలభై మందికి అలా అన్నావంటే 640 రూపాయలు ఊరికి బాకీ పడ్డట్టు. లెక్కలో మాత్రం అందరికీ పూర్తిగా ముట్టినట్టే ఉంటుంది. ఆ అవ్వ పై నెల అడగదు, కానీ మరిచిపోదు కూడా. క్యాష్ తెప్పించుకునే రోజే అకౌంట్ ఆఫీసు (మన బ్రాంచి లెక్కలు చూసే పై పోస్టాఫీసు) వాళ్లను పది నోట్లూ బిళ్లలూ అడుగు. వాళ్లు లేదంటే బస్సు కండక్టరును పట్టుకో. నేను అలాగే చేసేవాణ్ణి.

ఇక క్యాష్ తక్కువ పడటం. 1998లో ఒక సాయంత్రం లెక్కపెడితే 500 తగ్గింది. మనియార్డర్లు పంచేటప్పుడు రెండు కొత్త నోట్లు అంటుకుని పోయినట్టున్నాయి. చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. మర్నాడు ఒకాయన ఆర్డీకి (నెలనెలా కట్టే పొదుపు ఖాతాకి) కట్టిన 500తో ఆ బొక్క పూడ్చాను. ఆయన పాస్‌బుక్‌లో రాసిచ్చి, లెక్కలో మూడు రోజులాగి ఎక్కిద్దామనుకున్నా. రెండో రోజే బ్రాంచీలు తనిఖీ చేసే ఓవర్సీర్ దిగాడు, దారిలో ఆ ఆర్డీ కట్టినాయన పాస్‌బుక్ చూసే వచ్చాడు. మొదటి రోజు చెప్పుంటే అది 500 తక్కువ పడటం. రెండో రోజుకి 500 వాడుకోవడం అయింది. డబ్బు అప్పటికప్పుడు కట్టినా ఎంక్వయిరీ ఆగలేదు, ఏడు నెలలు పుట్ ఆఫ్ డ్యూటీలో, అంటే సస్పెన్షన్ లాంటిదే, ఇంట్లో కూర్చున్నా. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

అందుకే తక్కువ పడితే ఆ సాయంత్రమే ఇంట్లోంచి తెచ్చి కట్టు, డైలీ అకౌంట్‌లో రాయి, అకౌంట్ ఆఫీసుకు చెప్పు. ఎక్కువ వచ్చినా సొరుగులో పెట్టుకోకు. అన్‌క్లాసిఫైడ్ రిసీట్స్ (ఏ ఖాతాదో తేలని జమలు) కింద జమ చేస్తే, రేపు ఎవరైనా వచ్చి నాదంటే చూపించడానికి ఉంటుంది.

నీ నిర్లక్ష్యం వల్ల సర్కారుకు నష్టం వస్తే నీ అలవెన్సులోంచి కొంతో మొత్తమో కోసుకోవచ్చని రూల్స్‌లోనే ఉంది. అలాగని ఎవరో చేసిన గోల్‌మాల్‌కు, పైనుంచి ఎవరో గద్దించారని, "నేను కడతాను" అని సంతకం పెట్టొద్దు. ఎంత పోయింది, ఎలా పోయింది, అందులో నా తప్పేంటి అని కాగితం మీద అడుగు.

బయటివాళ్ల బాకీల దగ్గర మొహమాటమే మన శత్రువు. మా రోజుల్లో బేరింగ్ ఉత్తరం, అంటే సరిపడా స్టాంపు అంటించనిది, వస్తే తక్కువ పడ్డ స్టాంపుకు రెట్టింపు వసూలు చేసేవాళ్లం. వద్దన్నాడా, తిరిగి పంపితే పంపినవాడి దగ్గర రాబట్టేవాళ్లు. వి.పి. పార్సిల్ (వస్తువు ధర కట్టి విడిపించుకునేది) కూడా అంతే, డబ్బు చేతిలో పడ్డాకే ఇవ్వు. సర్పంచ్ గారబ్బాయి "సాయంత్రం పంపిస్తా అక్కా" అంటే "పార్సిల్ కూడా సాయంత్రమే పట్టుకెళ్లు తమ్ముడూ" అను. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం ప్రకారం పోస్టాఫీసుకు ఎగ్గొట్టిన సొమ్మును భూమి శిస్తు బకాయిలా రాబట్టుకోవచ్చు. బాగానే ఉంది, కానీ నలభై రూపాయల కోసం తహసీల్దార్ మీ ఊరికి జీపు తీయడు.

ఇంకొకటి, ఆర్డీ మీద లోను. పన్నెండు కిస్తీలు కట్టాక అప్పటికి జమైనదాంట్లో సగం దాకా ఇస్తారు. తీర్చకపోతే అసలూ వడ్డీ కలిపి మెచ్యూరిటీలో పట్టుకుంటారు. ఇది లోనిచ్చే రోజే గట్టిగా చెప్పు, వీలైతే ఇంటావిడ ముందు చెప్పు. లేదంటే ఐదేళ్ల తర్వాత "నా డబ్బు నువ్వే కోశావు" అని నీ గుమ్మం ముందే కూర్చుంటారు.

మీ అన్నయ్య ఆదివారం వస్తున్నాడుగా, వాడితో నా పాత రేకు డబ్బా పంపుతున్నా. మూత కొంచెం బిగుసుకుంటుంది, చెంచాతో లేపు. లోపల 320 రెండు రూపాయల బిళ్లలున్నాయి. మొదటి పింఛన్ రోజుకి సరిపోతాయి.

మీ పెదనాన్న