పోర్ట్రెయిట్ ఫోటోగ్రఫీ: లైట్లు కొనాలా, కోర్సు చేయాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. పోర్ట్రెయిట్ ఫోటోగ్రఫీని వృత్తిగా తీసుకోవాలని ఉంది. కెమెరా, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. ఫ్రెండ్స్‌ని తీస్తే ఫొటోలు బాగానే వస్తున్నాయి. పరిచయం లేనివాళ్లను తీస్తే మాత్రం కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోతున్నారు. మూడు లైట్ల కిట్ లేకుండా ప్రొఫెషనల్ లుక్ రాదని ఒకరు, ముందు కోర్సు చేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది ముందు?

జవాబు: రెండూ కొన్నాళ్లు పక్కన పెట్టండి. పరిచయం లేనివాళ్లు బిగుసుకుపోతున్నారన్నారు చూడండి, అసలు సమస్య అక్కడుంది. రేపు డబ్బులిచ్చి ఫొటో తీయించుకునేవాళ్లు దాదాపు అందరూ మీకు కొత్తవాళ్లే. హెడ్‌షాట్ (ప్రొఫైల్‌లో పెట్టుకునే ముఖం ఫొటో) కావాల్సిన ఉద్యోగులు, ఆడిషన్లకు తిరిగే నటులు, సొంత వ్యాపారం పెట్టుకున్నవాళ్లు... వీళ్లలో చాలామంది వచ్చీ రాగానే ‘నా ఫొటోలు బాగా రావండీ’ అనేస్తారు. ఆ టెన్షన్ పోగొట్టగలిగినవాళ్లకే మళ్లీ పిలుపొస్తుంది. అయితే మీ ధ్యాసంతా సెట్టింగుల మీదే ఉంటే ఎదుటి మనిషితో మాట్లాడేదెప్పుడు? కాబట్టి లైటింగ్ ముందు చేతికి అలవాటు కావాలి. అందుకు ఒక కిటికీ, ఒక కుర్చీ, ఓపికగా కూర్చునే మనిషి ఒకరు చాలు.

నేరుగా ఎండ పడని కిటికీ చూసుకోండి. గదిలో ట్యూబ్‌లైట్లన్నీ ఆపేయండి. లేకపోతే ఒక చెంప ఒక రంగులో, ఇంకో చెంప ఇంకో రంగులో వస్తుంది, ఎడిటింగ్‌లో సరిచేయడం తలనొప్పి. కుర్చీని కిటికీకి దగ్గరగా వేసి, కూర్చున్న మనిషి ముక్కు నీడని మాత్రమే గమనించండి. ముఖాన్ని కిటికీ వైపు కొద్దిగా తిప్పమంటే ఆ నీడ చెంప మీద చిన్నగా వాలి ఆగుతుంది. అది లూప్ లైటింగ్, చాలా ముఖాలకు నప్పుతుంది. ముఖాన్ని కిటికీ నుంచి కాస్త అవతలికి తిప్పితే ముక్కు నీడ చెంప నీడతో కలిసిపోయి, చీకటి వైపు కంటి కింద చిన్న వెలుతురు త్రికోణం మిగులుతుంది. అది రెంబ్రాంట్ లైటింగ్. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ముఖాలకు ఇలాంటి వెలుతురు వేసేవాడు కాబట్టి ఆ పేరు. కిటికీ పూర్తిగా పక్కకు వస్తే సగం ముఖం వెలుగు, సగం చీకటి, అంటే స్ప్లిట్ లైటింగ్. ఇది నటుల పోర్ట్‌ఫోలియోలో బాగుంటుంది, ఆఫీసు హెడ్‌షాట్‌కి వద్దు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, నీడ ఎటు వెళుతోందో కన్ను పట్టుకోవాలి. రెండు కళ్లలోనూ కిటికీ మెరుపు కనబడుతోందో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఎంత నవ్వినా కళ్లు నిర్జీవంగా ఉంటాయి.

ఇక దూరం. కొత్తగా నేర్చుకునేవాళ్లు లైటు ముఖాన్ని గుచ్చుతోందని దూరంగా జరుపుతారు. జరగాల్సింది దీనికి తలకిందులు. లైటు దగ్గరికొచ్చే కొద్దీ ముఖానికి అది పెద్దదవుతుంది, నీడల అంచులు మెత్తబడతాయి. దూరం రెట్టింపు చేస్తే పడే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). అందుకే లైటు ముఖానికి బాగా దగ్గరగా ఉంటే వెనక గోడ నల్లబడిపోతుంది, బాగా వెనక్కి పెడితే గోడ కూడా వెలుగుతుంది. ఒకే గోడతో రెండు రకాల బ్యాక్‌గ్రౌండ్లు ఇలాగే వస్తాయి. నీడ మరీ ఎక్కువైతే అటువైపు తెల్ల థర్మాకోల్ షీట్ పట్టుకోండి, తక్కువైతే నల్లగుడ్డ.

కళ్లద్దాల మెరుపు క్లయింటు ముందు చెమటలు పట్టించే విషయం. లైటుని ఇంకొంచెం పైకి లేపండి. అప్పటికీ పోకపోతే అద్దాల కాడల్ని చెవుల మీద కాస్త పైకి లేపితే గ్లాసులు కిందికి వాలి మెరుపు తప్పుకుంటుంది. మెల్లకన్ను, బట్టతల, లోతుకళ్లు, నిగనిగలాడే నల్లటి చర్మం... ఒక్కోదానికి లైటు ఒక్కోలా జరపాలి. ఫ్రెండ్స్‌నే తీస్తూ కూర్చుంటే ఇవేవీ ఎదురుకావు.

పోజుల దగ్గరికి వద్దాం. ‘నవ్వండి’, ‘ఫ్రీగా ఉండండి’ అనే రెండు మాటలు మానేయండి. వాటితో ఎవరూ ఫ్రీ కారు. పాదాల నుంచి మొదలుపెట్టండి: బరువు వెనక కాలి మీద, భుజాలు కెమెరాకి కొద్దిగా ఏటవాలుగా, చేతులు నడుముకు అంటుకోకుండా మధ్యలో కాస్త సందు. తర్వాత గడ్డం. నుదురు కెమెరా వైపు కొంచెం ముందుకు తెచ్చి గడ్డం కాస్త దించమనండి. చేసేవాళ్లకి తాబేలు మెడలా వింతగా ఉంటుంది, ఫొటోలో దవడ గీత స్పష్టంగా వస్తుంది. ఇదంతా నోటితో చెప్పేకంటే మీరే నిలబడి చేసి చూపించండి, అద్దంలో చూసినట్టు అనుసరిస్తారు. తాకి సరిచేయాల్సి వస్తే అడగకుండా చేయి వేయొద్దు. చేతులకి ఏదో ఒక పని ఇవ్వండి, కఫ్ బటన్ సరిచేసుకోవడమో, కుర్చీ అంచు పట్టుకోవడమో. మీ 50 ఎంఎంతో మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదిగా పడుతుంది, ఒకటిన్నర మీటర్లు వెనక్కి ఉండి తర్వాత క్రాప్ చేసుకోండి. ఫోకస్ కెమెరాకి దగ్గరున్న కంటి మీద.

1941లో కెనడా ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేసి, ఆ కోపం ముఖంలో ఉండగానే క్లిక్ చేశాడు. ఆ ఫొటో చరిత్రలో నిలిచింది. మీరు మాత్రం క్లయింట్ల దగ్గర ఆ సాహసం చేయకండి.

కోర్సు సంగతి: సిలబస్ కాదు, కొత్త మనుషుల్ని కూర్చోబెట్టి ఎన్ని గంటలు తీయిస్తారో అడగండి. అది తక్కువైతే, పని బాగున్న స్టూడియోలో అసిస్టెంటుగా చేరడమే మంచిది. స్టాండ్లు మోయడం, లైట్లు జరపడం విసుగ్గా ఉంటుంది కానీ, బిగుసుకుపోయిన మనిషిని మీ గురువు ఏ మాటతో సడలించాడో ఎదురుగా చూస్తారు. ఇక పోర్ట్రెయిట్ల మీదే ఆధారపడితే మొదట్లో ఆదాయం ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. డిగ్రీ పూర్తిచేయండి. అవసరమైతే ఇంకో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో హెడ్‌షాట్లు తీయండి. పోర్ట్‌ఫోలియోలో 15, 20 ఫొటోలు చాలు, అందులో రకరకాల వయసులు, ముఖాలు ఉండాలి. ఒకే అందమైన స్నేహితురాలి 20 ఫొటోలు చూసి ఎవరూ పని ఇవ్వరు. ఫొటో బయట పెట్టేముందు ఆ మనిషి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

కొనాల్సి వస్తే ఒక ఫ్లాష్, దాన్ని కెమెరా నుంచి వెలిగించే ట్రిగ్గర్, స్టాండ్, వెలుతురుని మెత్తబరిచే దాదాపు 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్. ఎల్ఈడీ అయితే సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 95కి తగ్గకుండా చూసుకోండి. ఎలాంటి ముఖం వచ్చినా ఆ ఒక్క లైటుతో తడబడకుండా సెట్ చేయగలిగాక, నల్లని జుట్టు నల్లని బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతోందని మీకే అనిపించిన రోజున రెండోది కొనండి. మూడోదాని ఖర్చు క్లయింట్ల డబ్బుతో చూసుకోవచ్చు.