గ్రీన్ లాంటర్న్ కామిక్స్ సినెస్ట్రో కథతో మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. నేను అక్కడే మొదలుపెట్టాను, అదీ రెండో భాగంతో. "అంతరిక్ష పోలీసులు, ఎదురుగా ఒక నియంత, చివరికి పోలీసులే గెలుస్తారు. ఇందులో కొత్తేముంది?" అని కూడా అడిగారు కదా, దానికి జవాబు కాస్త పొడుగు.

2010లో అనంతపురం నుంచి వచ్చి మారతహళ్ళిలో ఒక పీజీలో ఉండేవాణ్ణి. ఆదివారం ఆంధ్రా మెస్సులో భోంచేసి, బస్సెక్కి చర్చ్ స్ట్రీట్ వెళ్ళి, బ్లాసమ్ బుక్ హౌస్‌లో పాత పుస్తకాల అరల మధ్య సాయంత్రం దాకా తిరగడమే అప్పటి కాలక్షేపం. అక్కడే 'సినెస్ట్రో కోర్ వార్' రెండో భాగం దొరికింది. మొదటిది లేదు. తక్కువకి వస్తోంది కదా అని కొనేశా. ('కోర్' అనాలని తెలియక చాలాకాలం 'కార్ప్స్' అనేవాణ్ణి.)

ముందు లోకం సంగతి. ఓవా అనే గ్రహం మీద గార్డియన్లని నీలిరంగు పొట్టి ముసలివాళ్ళు ఉంటారు. విశ్వాన్ని 3600 సెక్టార్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒకణ్ణి ఉంగరం ఇచ్చి కాపలా పెట్టారు. ఆ కాపలాదారులే గ్రీన్ లాంటర్న్‌లు, వాళ్ళ దళమే 'కోర్'. మన భూమిది 2814. పెట్టుకున్నవాడు గట్టిగా అనుకుంటే ఆ ఉంగరంలోంచి వచ్చే ఆకుపచ్చ వెలుగు సుత్తి అవుతుంది, గోడ అవుతుంది, విమానం అవుతుంది. భయాన్ని దాటగలవాడినే అది వెతుక్కుంటుంది. భూమి తరఫు కాపలాదారు హాల్ జోర్డాన్ 1959లో వచ్చాడు, సినెస్ట్రో 1961లో.

సినెస్ట్రో ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ రాక్షసుడు కాదు. ఒకప్పుడు ఆ దళంలో అందరికంటే గొప్పవాడని పేరున్న కాపలాదారు. హాల్‌కి ఉంగరం వాడటం నేర్పిన గురువని తర్వాతి రచయితలు కలిపారు. తన గ్రహం కొరుగార్‌లో గొడవలు ఉండకూడదనుకున్నాడు, లేకుండా చేశాడు, ఎలాగంటే జనం నోరెత్తకుండా. కంచే చేను మేసింది. గార్డియన్లు ఉంగరం లాక్కుని ప్రతిపదార్థ (యాంటీమ్యాటర్) విశ్వంలోకి వెళ్ళగొడితే, అక్కడి క్వార్డ్ అనే గ్రహం వాళ్ళు పసుపు ఉంగరం చేతికిచ్చారు.

ఈ పసుపు దగ్గర నాకు మొదట్లో మింగుడు పడలేదు. మనకు పసుపంటే గడప, పేరంటం, పెళ్ళి బట్టల అంచు. వాళ్ళకు అది పిరికితనం రంగు. చాలా ఏళ్ళ పాటు ఆకుపచ్చ ఉంగరం పసుపు వస్తువు మీద అసలు పనిచేసేది కాదు. కారణం పెద్దగా లేదు, ఏదో 'మలినం' అనేవారు. 2004లో మొదలైన 'గ్రీన్ లాంటర్న్: రీబర్త్' కామిక్‌లో రచయిత జెఫ్ జాన్స్ దానికి కథ అల్లాడు: ఆ ఉంగరాలకు శక్తినిచ్చే పెద్ద దీపంలోనే భయం అనే ప్రాణిని బంధించి పెట్టారట. పోలీస్ స్టేషన్ పునాదిలోనే దొంగ ఉన్నట్టు. నాకు చాలా నచ్చిన ఊహ.

2007లో వచ్చిన 'సినెస్ట్రో కోర్ వార్' యుద్ధంలో సినెస్ట్రో తన సొంత దళాన్ని తయారుచేస్తాడు. వాడి ఉంగరాలు ఎదుటివాణ్ణి భయపెట్టగలవాళ్ళను వెతుక్కుంటాయి. అందులో ఒకటి బ్యాట్‌మ్యాన్ దగ్గరికీ వెళ్ళింది, ఆయన వద్దన్నాడు.

ఇదంతా చదివినప్పుడు బాగుందనుకున్నా, అంతే. లోపలికి దిగింది 2024 వేసవిలో.

ఆ ఏడు బెంగళూరులో నీళ్ళ కటకట మీకు గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ బోర్లు రెండూ ఎండిపోయాయి. అసోసియేషన్ సెక్రటరీగా ఉండటానికి ఎవరూ ముందుకు రాలేదు. మూడో అంతస్తులో ఒక రిటైరైన పెద్దాయన, నెల్లూరు వైపు మనిషి, నేను చూస్తానన్నారు. తెల్లారి అయిదింటికి సంపు పక్కన కుర్చీ వేసుకుని, నోట్‌బుక్‌లో ట్యాంకర్లు లెక్క రాసుకునేవారు. కార్లు కడగడం ఆపించారు, నీళ్ళకు వేళలు పెట్టారు. అందరం దండం పెట్టాం.

వానలు పడ్డాయి. నోట్‌బుక్ మాత్రం మూతపడలేదు. గుమ్మం బయట చెప్పులుంటే ఫైను, పిల్లలు సైకిలు తొక్కితే ఫైను, పనమ్మాయి ముందువైపు లిఫ్టు ఎక్కితే ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. మీటింగులో నేను లేచి, ఇది కాస్త ఎక్కువైంది అంకుల్ అన్నా. ఆయన కోప్పడలేదు. "ఏమయ్యా, నేను లేకపోతే ఏప్రిల్లో నీకు నీళ్ళుండేవా?" అన్నారు.

ఉండేవి కావు, నిజమే. నేను కూర్చున్నా. ఆ రాత్రి పుస్తకం మళ్ళీ తీశా.

కొరుగార్ గురించి సినెస్ట్రో చెప్పేది కూడా అదే. వాడు అబద్ధమాడడు, అదే చిక్కు. ఆ గ్రహానికే చెందిన సొరానిక్ నాటు అనే డాక్టరుకు తర్వాత ఆకుపచ్చ ఉంగరం వస్తే ఛీ అనుకుంటుంది. అక్కడి జనానికి ఆ ఉంగరం చూస్తే రక్షణ గుర్తు రాదు, సినెస్ట్రో గుర్తొస్తాడు. మొత్తం వరసలో నాకు ఎక్కువ ఇష్టమైన పాత్ర ఆవిడే.

యుద్ధంలో తట్టుకోలేక గార్డియన్లు తమ గ్రంథంలోని నియమాన్ని తిరగరాసి, చంపడానికి ఉంగరాలకు అనుమతిస్తారు. చివర్లో హాల్ సొంత ఊరు కోస్ట్ సిటీలో ఉంగరాల శక్తి అయిపోయి సినెస్ట్రో ఒకవైపు, హాల్, భూమికే చెందిన ఇంకో గ్రీన్ లాంటర్న్ కైల్ రేనర్ మరోవైపు పిడిగుద్దులకు దిగుతారు. ఇవాన్ రీస్ బొమ్మలు ఆగి చూడాల్సినవి. సినెస్ట్రో ఓడిపోతాడు. ఓడి, గెలిచింది తానే అంటాడు: ఇప్పుడు మీరంటే కూడా అందరికీ భయమే కదా అని. ఆ మాట ఖైదీ మాటలా ఉండదు, శిష్యుడి చేత పాఠం అప్పజెప్పించుకున్న మాస్టారి మాటలా ఉంటుంది. మీరన్న "పోలీసులే గెలుస్తారు" అన్నది ఇక్కడ అంత సులువుగా నిలబడదు.

చదివే వరస: ముందు 'రీబర్త్', తర్వాత యుద్ధం. రెండు పత్రికల్లో ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన కథ కాబట్టి విడి సంచికలు కొనకండి, కలిపి వేసిన పుస్తకం తీసుకోండి. యాంటీ మానిటర్, సూపర్‌మ్యాన్ ప్రైమ్ అనే ఇద్దరు విలన్లు కొట్టుకునే పేజీలు గబగబా తిప్పేసినా నష్టం లేదు. 2011 సినిమా చూసి వదిలేసి ఉంటే, అందులో సినెస్ట్రో ఏ కారణమూ లేకుండా చివర్లో పసుపు ఉంగరం పెట్టేసుకుంటాడు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మా అబ్బాయికి పదకొండేళ్ళు, వాడూ చదివేశాడు. ఇంట్లో మా సెక్రటరీ గారి పేరు ఇప్పుడు సినెస్ట్రో అంకుల్. మొన్న లిఫ్టులో ఆయన ఎదుటే నోరు జారాడు. "ఎవరయ్యా అతను?" అని ఆయన నన్నడిగారు. "అంతరిక్షంలో పెద్ద పోలీసాఫీసర్ అంకుల్, చాలా స్ట్రిక్టు" అన్నా. ఆయన ముఖం వెలిగిపోయింది.