గాలికి నిలిచే టెంట్ గురించి మేనల్లుడికి

ఫ్రీమాంట్,
ఆదివారం రాత్రి

చిరంజీవి అబ్బాయికి, అత్తయ్య ఆశీస్సులు.

కాలిఫోర్నియా సియెర్రా కొండల నడకదారి జాన్ మ్యూర్ ట్రెయిల్‌కి అనుమతి దొరికిందన్న కబురు చదివి ఎంత సంతోషించానో, దాని వెనకే, గాలికి ఏ టెంట్ నిలుస్తుందని అడుగుతూ వచ్చిన నీ పట్టిక చూసి అంత నవ్వుకున్నాను. పదకొండు టెంట్లు, ఒక్కోదాని బరువు గ్రాములతో సహా, తేలికదాని నుంచి వరుసగా. బంగారం కొట్టులో కూడా ఇంత నిక్కచ్చిగా తూచరు. 340 కిలోమీటర్లు వీపున మోసేవాడికి ఆ లెక్క అవసరమే, కాదనను. కానీ ఏ టెంట్ ఎన్ని మేకులతో నిలుస్తుందో, దాని గోడలు ఎంత వాలుగా ఉన్నాయో ఒక్క గడిలోనూ లేదు. నువ్వు అడిగింది గాలి గురించి, రాసుకున్నది తూకం గురించి.

కళింగపట్నం దగ్గర మా అమ్మమ్మది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటాకు కప్పు. ఆ కప్పు చూరు ఎంత కిందికి ఉండేదంటే పెద్దవాళ్ళెవరైనా నడుము వంచి లోపలికి రావలసిందే. మీ నాన్న తల ఎన్నిసార్లు బొప్పి కట్టిందో ఆయన్నే అడుగు. ఒక తుఫానుకు ఎదురింటి పెంకులన్నీ ఎగిరి వీధిలో పడ్డాయి. మా ఇంటికి పోయింది నాలుగు ఆకులు. ఏ దిక్కు నుంచి వచ్చినా గాలికి తన్నడానికి అక్కడ నిటారు గోడ దొరకలేదు, దూరడానికి కింద సందు దొరకలేదు. టెంట్ కొనేటప్పుడు నేను ముందు చూసేది అదే.

ఇప్పుడు నీకు నచ్చే అంకెలు చెబుతాను. గంటకు 36 కిలోమీటర్ల గాలి, తనకు ఎదురుగా నిలిచిన ఒక చదరపు మీటరు గుడ్డను సుమారు ఆరు కిలోల బరువుతో తోస్తుంది. గాలి 72కి పెరిగితే ఆ తోపు పన్నెండు కాదు, ఇరవై అయిదు కిలోలు. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు. కొండ మీద గాలి పలచన కాబట్టి ఆ తోపు కొంత తగ్గుతుంది, నిజమే. కానీ అక్కడ అది ఒకే తీరున వీచదు, విసురు విసురుగా వస్తుంది. నీ పట్టికలో మొదటిది చూడు. అర కిలో బరువు, లోపల విశాలంగా ఉండాలని నిటారుగా లేపిన పెద్ద పక్కగోడలు, వాటి మధ్యలో తాడు కట్టడానికి ఒక్క కొక్కెమైనా లేదు. అది టెంట్ కాదు నాన్నా, తెరచాప.

అనుభవంతోనే చెబుతున్నాను. నీ దారికి దక్షిణపు కొసన ఉన్న విట్నీ శిఖరానికి పడమటి వైపు గిటార్ లేక్ ఉంది, దాదాపు 11,500 అడుగుల ఎత్తున. చెట్టన్నది లేదు, అంతా రాయి, గరుకు ఇసుక. నాకూ అప్పట్లో గ్రాముల పిచ్చి ఉండేది. పెన్సిల్ కంటే సన్నగా, ఒక్కోటి ఆరు గ్రాములుండే టైటానియం మేకులు పట్టుకుపోయాను. సరస్సు అందంగా ఉందని దాని ఒడ్డునే టెంట్ దింపాను. రాత్రి ఒంటిగంటకు గాలి మళ్ళింది. మొదటి మేకు ఊడిన చప్పుడు నాకు వినిపించలేదు. తాడు చివర వేలాడుతూ అది గుడ్డను టపటపా కొడుతుంటే మెలకువ వచ్చింది. లైటు తలకు తగిలించుకుని బయటికి వెళ్ళేలోగా రెండోది, మూడోది లేచిపోయాయి. కర్ర ఒరిగి గుడ్డంతా నా మీద పడింది. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అనుకోవడానికి అది పేలపిండి కాదు, ఆ రాత్రికి నా ఇల్లు. తెల్లవారేదాకా రాళ్ళు మోశాను. ఈ సంగతి మీ నాన్నకు తెలియదు, తెలియనవసరం లేదు.

రాళ్ళు మోయడంలోనూ ఒడుపుంది. మేకు మీద రాయి పెడితే చాలదు. తాడును ముందు చిన్న రాయికి కట్టి, టెంట్‌కి దాని మధ్య తాడు మీద పెద్ద రాయి ఎత్తాలి. గాలి లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్దదాని వీపుకు తగిలి ఆగిపోతుంది. అందుకు తాళ్ళు పొడుగ్గా ఉండాలి, టెంట్‌తో వచ్చే కురచ తాళ్ళు పనికిరావు. తాడు పొడుగైన కొద్దీ నేలకు దగ్గరగా వాలుతుంది, మేకును పైకి పెకలించడం తగ్గుతుంది. నాలుగు మూలలకూ అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉండే పెద్ద మేకులు వాడు. ఒక్కోటి 14 గ్రాములు. నా సన్నటి మేకులతో పోలిస్తే నాలుగింటికీ కలిపి పెరిగేది 32 గ్రాములు. దానికి నీ పట్టిక గగ్గోలు పెట్టినా పట్టించుకోకు.

గుడ్డ సంగతి. డైనీమా అనే గుడ్డ తేలిక, తడిసినా సాగదు, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. సాగదు కాబట్టే గాలి కొట్టే ప్రతి దెబ్బ నేరుగా కుట్ల మీదికి, మేకుల మీదికి వెళ్తుంది. సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పూత ఉన్న నైలాన్, గట్టిది, దెబ్బకు కాస్త ఒదుగుతుంది. కానీ తడిస్తే సాగి జారుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్ళు మళ్ళీ బిగించాలి. సిలికాన్ పూత ఉన్న పాలియెస్టర్ సాగదు, ధర అందుబాటులో ఉంటుంది, బరువు కాస్త ఎక్కువ. మొదటిసారి వెళ్ళేవాడికి నేను పాలియెస్టరే చెబుతాను.

తనంతట తాను నిలబడే టెంట్ గాలికి గట్టిదనుకునేవాళ్ళు చాలామంది. మేకులు లేకుండా నిలబడుతుందంటే మేకులు కొట్టకపోతే గాలిపటంలా దొర్లిపోతుందని కూడా అర్థం. నువ్వు ఎలాగూ నడక కర్రలు తీసుకెళ్తున్నావు కాబట్టి వాటితోనే లేచే టెంట్ చూసుకో. ఆ వరుసలో డర్‌స్టన్ ఎక్స్-మిడ్ 1 నాకు నచ్చింది. రెండు పొరలు, దాదాపు 800 గ్రాములు, ఎదురెదురు మూలల వైపు నిలిచే రెండు కర్రలు, నాలుగు వైపులా వాలు గోడలు. ఒకటే గుర్తుంచుకో. కర్ర బిగించే మర వదులైతే టెంట్ మెల్లగా కుంగుతుంది, పడుకునే ముందు ఒకసారి బలంగా నొక్కి చూడు. స్వీడన్ వాళ్ళ హిల్లెబెర్గ్ ఆక్టో దీనికంటే మొండి ఘటం. అయితే అది కిలోన్నర దాటుతుంది. స్కాట్లండ్ వెళ్ళేనాడు కొందువుగాని.

ఎంత మంచి టెంటైనా తప్పు చోట దింపితే దండగ. కనుమ నడినెత్తిన ఎప్పుడూ దింపకు, రెండు లోయల గాలీ అక్కడినుంచే దూరుతుంది. పగలు గాలి లోయలోంచి పైకి వీస్తుంది, చీకటి పడ్డాక చల్లబడి కిందికి దిగుతుంది. చాలా రాత్రులు ఇంతే. అందుకే సాయంత్రం గాలి చూసి తలుపు తిప్పుకున్నవాడు అర్ధరాత్రి మోసపోతాడు. నేనూ అలాగే మోసపోయాను. టెంట్ ఇరుకు వైపు కొండకేసి, తలుపు దానికి అడ్డంగా ఉండేలా పెట్టు. గాలి ముదిరితే కర్రలు కాస్త కురచ చేసి గుడ్డ అంచును నేలకు దించు. దిగే దారిలో దట్టమైన పొదలో, పెద్ద బండో కనిపిస్తే మరో అరగంట నడిచైనా దాని చాటుకు చేరు.

చెట్ల మధ్య దింపితే తల పైకెత్తి చూడు. ఎండిన మాను కింద పడుకోవద్దు. నీ దారిలోనే డెవిల్స్ పోస్ట్‌పైల్ వస్తుంది. 2011 నవంబరు 30న అక్కడ ఒక్క గాలివానకు కాదు, వట్టి గాలికే వేల చెట్లు కూలాయి. అది చలికాలపు సంగతి, నువ్వు వెళ్ళేది ఆగస్టులో కాబట్టి భయపడనక్కరలేదు.

టెంట్ కొన్నాక నేరుగా కొండకు పోకుండా ఒక శనివారం ఇక్కడికి రా. వేసవి మధ్యాహ్నాల్లో ఈ శాన్ ఫ్రాన్సిస్కో బే గాలి మా పెరట్లో బట్టల్ని తీగ మీద నిలవనివ్వదు. అక్కడ నాలుగుసార్లు లేపి దింపు, ఒకసారి కళ్ళు మూసుకుని లేపు. నా మేకులు, తాళ్ళు నీకే ఇస్తాను.

ఈలోగా ఆ పట్టికకు మూడు గడులు కలిపి మళ్ళీ పంపు. మేకులు ఎన్ని, గోడల మధ్యలో తాడు కొక్కేలు ఎన్ని, గుడ్డ అంచు నేలకు ఎంత ఎత్తున ఉంది.

మీ
అత్తయ్య