రంగులు వేయకముందే

నల్గొండ

కోడలు బిడ్డకు మామ ఆశీస్సులు.

సంగీత పత్రిక వాళ్లు నీకు మొదటి బొమ్మ అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదీ మీ పాలమూరు తీగ వాద్యం, పన్నెండు మెట్ల కిన్నెర మీద వ్యాసానికట. పాలమూరు పిల్లకు ఇంతకన్నా మంచి బోణీ ఏముంటుంది! నాలుగు రోజులే టైం ఇచ్చారని టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. నాలుగు రోజులు చాలు బిడ్డా. కాకపోతే మొదటి రోజు గీయకు.

ఆ రోజంతా చదువు. ఒకసారి ఊరికే చదువు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, కంటికి కనబడే మాటల కింద గీత పెట్టు. తర్వాత కాగితాలు పక్కన పెట్టేసి, వ్యాసం ఏమంటున్నదో ఒక్క వాక్యంలో రాయి. "కిన్నెర గురించి" అని రాశావంటే మళ్లీ చదవాల్సిందే. "నేర్పే మనిషి ఉన్నాడు, నేర్చుకునే పిల్లలు లేరు" అన్నావనుకో, అది వాక్యం. బొమ్మ ఆ వాక్యానికి వేయాలి. 2022లో దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు కిన్నెర పట్టుకున్న ఆయన ఫోటో అందరూ చూశారు. ఫోటో చెప్పలేనిది చెప్పడానికే నిన్ను పిలిచారు.

అట్లని వాద్యాన్ని తప్పు గీయకూడదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కింద ఒక వారపత్రికకు డప్పు కళాకారుడి బొమ్మ వేశాను. రెండు చేతుల్లో ఒకే తీరు పుల్లలు పెట్టాను. అది అచ్చయ్యాక మా ఊరి డప్పు పెద్దాయన చూశాడు. ఏమీ అనలేదు. గడ్డి మంట దగ్గర డప్పు కాపి, వేలితో ఒకసారి కొట్టి విని, నా కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల పెట్టి, "కొట్టు సారూ" అన్నాడు. రెండు దెబ్బలకే నా తప్పు తెలిసింది. ఆ రెండు చేతులు చేసే పనే వేరు. ఆనాటి నుంచి చేతితో పట్టుకోనిదే ఏ వాద్యమూ గీయలేదు.

నువ్వూ బస్సెక్కి వెళ్లి కిన్నెర చూసి రా. వెదురు బొంగు, కింద ఎండిన సొరకాయ బుర్రలు, స్వరం కోసం వేలు నొక్కే, మైనంతో అతికించిన మెట్లు, వేలాడే నెమలీకలు. మెట్ల మధ్య ఎడం దగ్గర ఆగి చూడు. స్కేలు పెట్టి సమానంగా గీస్తే అది నిచ్చెన అవుతుంది, స్వరం పలకదు. వాయించే మనిషి మొట్టమొదట చూసేది అక్కడే.

రెండో రోజు అగ్గిపెట్టెంత గళ్లలో పది పదిహేను స్కెచ్‌లు వెయ్యి. మొదటి మూడు నాలుగింట్లో స్వరాలు ఎగురుతాయి, తీగల్లోంచి పిట్టలు వస్తాయి. రానీ. అవి బయటపడితేగాని అసలుది రాదు. మూడు ఎంచి ఎడిటర్‌కు పంపు. నీకు వేయాలని లేనిది వాటిల్లో కలపకు, సరిగ్గా దాన్నే పట్టుకుంటారు. ఒక పేజీనా, రెండు పేజీలనా, హెడ్డింగ్ ఎక్కడ వస్తుందో అప్పుడే అడుగు. రెండు పేజీలైతే ముఖం నడిమి మడతలో పడనీయకు. కోసేటప్పుడు పోయేందుకు చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వెయ్యి. డబ్బెంత, ఎన్నిసార్లు మార్పులు చేయాలనేది కూడా మొహమాటపడకుండా ముందే మాట్లాడుకో.

రంగుల్లో నీకు కష్టం నెమలీక దగ్గరే. స్క్రీన్ మీద మెరిసే ఆ నీలం ఆకుపచ్చ, అచ్చులో నాలుగు ఇంకులతో రాదు, వెలిసినట్టవుతుంది. ముందు నుంచే అచ్చు రంగుల మోడ్‌లో పని చెయ్యి. పక్కన ముదురు మట్టి రంగు వేస్తే నీలం మళ్లీ లేచి కనబడుతుంది. ఇంకొకటి నా ఇష్టం కొద్దీ చెబుతున్నా. మీ అమ్మ పోచంపల్లి చీర అంచు దగ్గరగా పట్టుకుని చూడు. దారానికి ముందే ముడులు కట్టి రంగు అద్ది, తర్వాత నేస్తారు కాబట్టి ఆకారాల అంచులు కొంచెం చెదిరి ఉంటాయి. తీగ మోగి ఆగిపోయేటప్పుడు నాకు అట్లాగే వినబడుతుంది. ధ్వనిని ఎట్లా వేయాలని అడిగావట కదా, నేనైతే అక్కడి నుంచి మొదలుపెడతాను.

గళ్ల స్కెచ్‌లు అయ్యాక, ఎంత రాత్రైనా సరే, ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. రంగులు వేయకముందే పంపు.

నీ మామ